చెమట ఆరితేనే ఒంటికి చల్లదనం



ప్రతి ఏటా మార్చి దాటేసరికి ఆసుపత్రులకు వడదెబ్బ తగిలినవారు రావడం మొదలవుతుంది. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడగాలులకు బలయ్యారు. 2015 మే నెలలో మన దేశంలో 2,000 మందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే. ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, వయసు మళ్ళినవారు.

"సిస్టరమ్మా, వడదెబ్బకు ఏ మాత్ర వేయాలి?" అని చాలామంది అడుగుతుంటారు. వడదెబ్బను తగ్గించే మాత్ర అంటూ లేదు. నీడ, నీరు, గాలి – ఈ మూడే మొదటి వైద్యం. ఇవి మీ ఇంట్లోనే ఉన్నాయి. కానీ ఇవి ఎలా పనిచేస్తాయో తెలియకపోతే చేతిలో ఉన్నవాటిని కూడా తప్పుగా వాడుతాం. కొందరు రోగికి దుప్పటి కప్పుతారు. కొందరు కిటికీలు మూసేస్తారు. కొందరు స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తారు.

ఎలా పనిచేస్తాయో చెప్పేది హైస్కూలు సైన్సు పుస్తకంలోని "ఉష్ణం" పాఠమే. మీ పిల్లలు చదివే ఉంటారు. పరీక్ష కోసం చదివిన ఆ పాఠం ఒక మనిషి ప్రాణం కాపాడగలదు. అందుకే ఈ వ్యాసాన్ని ఇంట్లో చదువుకునే పిల్లలచేత పైకి చదివించండి.

మన ఒంట్లో వేడి ఎక్కడిది? ఎటు పోతుంది?

నీరు ఎత్తు నుండి పల్లానికి పారినట్లే, వేడి ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉన్న వస్తువు నుండి తక్కువ వేడిగా ఉన్న వస్తువుకు పోతుంది. ఇది సృష్టిలో ఉన్న నియమం.

మనం తిన్న అన్నం ఒంట్లో నెమ్మదిగా ఖర్చవుతూ వేడి పుట్టిస్తుంది. ఊరికే కూర్చున్న పెద్ద మనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 100 వాట్ల బల్బుతో సమానం. గడ్డపారతో తవ్వుతున్నా, ఇటుకలు మోస్తున్నా దానికి కొన్ని రెట్లు పుడుతుంది. ఈ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోతూ ఉంటేనే ఒళ్ళు 37 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, అంటే 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిలుస్తుంది. బయటికి పోయే దారి ఏదీ లేకపోతే, ఏ పనీ చేయకుండా కూర్చున్న మనిషికి కూడా గంటకు ఒక డిగ్రీ సెంటీగ్రేడుకు పైగా వేడి పెరుగుతుంది.

వేడి బయటికి పోవడానికి నాలుగు దారులు ఉన్నాయి.

1. ఉష్ణ వహనం: తాకిన వస్తువులోకి వేడి పోవడం. చల్లని బండల మీద పడుకుంటే హాయిగా ఉండేది ఇందుకే.

2. ఉష్ణ సంవహనం: ఒంటికి తగిలిన గాలి వేడెక్కి పక్కకు పోవడం, ఆ చోటికి కొత్త గాలి రావడం.

3. ఉష్ణ వికిరణం: దేనినీ తాకకుండానే వేడి ప్రసరించడం. పొయ్యికి ఎదురుగా కూర్చుంటే ముఖానికి సెగ తగులుతుంది కదా, అదే. మన ఒళ్ళు కూడా చుట్టూ ఉన్న చల్లని గోడలకు ఇలాగే వేడిని ఇస్తుంది.

4. బాష్పీభవనం: ఒంటి మీది చెమట ఆవిరై పోతూ వేడిని తీసుకుపోవడం.

మొదటి మూడు దారులూ రెండువైపులా తెరుచుకునే తలుపులు. గాలి 28 డిగ్రీలు ఉన్నప్పుడు వేడి మన ఒంటి నుండి గాలిలోకి పోతుంది. అదే గాలి 42 డిగ్రీలు ఉంటే ఒళ్ళే చల్లని వస్తువు అవుతుంది. అప్పుడు వేడి బయటి నుండి లోపలికి వస్తుంది. వేడెక్కిన నేల, గోడ, గాలి అన్నీ మనకు వేడిని ఇచ్చేవే గాని తీసుకునేవి కావు.

అటువంటి మధ్యాహ్నం మనకు మిగిలేది నాలుగో దారి ఒక్కటే. అదే చెమట. ఈ వ్యాసంలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

ఆవిరిలో దాగిన బలం

ఇంజక్షన్ చేసే ముందు సిస్టరు స్పిరిటు దూదితో తుడవగానే అక్కడ చల్లగా అనిపిస్తుంది. స్పిరిటును ఫ్రిజ్‌లో పెట్టి తేలేదు. అది చర్మం మీద నుండి త్వరగా ఆవిరై పోతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని మన చర్మం నుండే లాక్కుంటుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. కుండ సన్నని రంధ్రాల గుండా కొంచెం నీరు బయటికి ఊరి ఆవిరి అవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. స్టీలు బిందెకు ఆ రంధ్రాలు లేవు కనుక అందులోని నీళ్ళు చల్లబడవు.

ఈ వేడికి సైన్సు పుస్తకంలో గుప్తోష్ణం అని పేరు. లెక్క చూడండి. ఒక గ్రాము నీటిని 0 డిగ్రీల నుండి మరిగే 100 డిగ్రీల దాకా కాచడానికి 100 కేలరీల వేడి కావాలి. అదే ఒక గ్రాము చెమట ఒంటి మీద ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీలు కావాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే, 60 కిలోల మనిషి ఒంట్లో పది డిగ్రీలకు పైగా పెరగవలసిన వేడిని అది తీసుకుపోయినట్లు. దేవుడు మన చర్మంలో పెట్టిన ఈ ఏర్పాటు ఎంత గొప్పదో ఆలోచించండి.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. చెమట ఆవిరి అయితేనే ఈ లాభం. బొట్లు బొట్లుగా కింద కారిపోయినా, తువ్వాలుతో పూర్తిగా తుడిచేసినా వేడి తగ్గదు, నీరు మాత్రం పోతుంది. కనుక చెమట పట్టడం ఒక పని, ఆరడం మరో పని. పట్టడానికి ఒంట్లో నీరు, ఉప్పు ఉండాలి. ఆరడానికి బయట గాలి ఆడాలి, ఆ గాలి కొంచెమైనా పొడిగా ఉండాలి.

ఎయిర్ కూలర్ చెప్పే పాఠం

ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎయిర్ కూలర్ పెడితే గది చల్లబడుతుంది. అదే కూలర్ కాకినాడలోనో విశాఖపట్నంలోనో పెడితే గది జిడ్డుగా అవుతుందే గాని పెద్దగా చల్లబడదు. కూలర్ చేసేది తడిసిన గడ్డి గుండా గాలిని లాగి నీటిని ఆవిరి చేయడమే. సముద్రతీరంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. తడిసిన గుడ్డ ఇంకా నీళ్ళు పీల్చుకోలేనట్లు, తేమ నిండిన గాలి కూడా ఇంకా ఆవిరిని తీసుకోలేదు. ఎంత తేమ పట్టగలదో అందులో ఎంత భాగం ఇప్పటికే ఉందో చెప్పే లెక్కనే సాపేక్ష ఆర్ద్రత అంటారు.

మన ఒళ్ళు కూడా ఒక కూలరే. అందుకే పొడి ఎండలో 40 డిగ్రీలను తట్టుకున్న మనిషి, ఉక్కపోతలో 36 డిగ్రీలకే సొమ్మసిల్లవచ్చు. వాతావరణ శాఖ మైదాన ప్రాంతాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరాకనే వడగాలుల సంగతి లెక్కలోకి తీసుకుంటుంది. కోస్తా ప్రాంతాలకు మాత్రం 37 డిగ్రీల నుండే లెక్కిస్తుంది. తీరం వారికి "మనకు ఎండ తక్కువే కదా" అనే ధీమా పనికిరాదు.

ఒక చిన్న పరీక్ష ఉంది. ఉతికిన బట్టలు దండెం మీద ఎంతసేపటికి ఆరుతున్నాయో చూడండి. నీడలో కూడా త్వరగా ఆరితే ఒంటి మీది చెమట కూడా ఆరుతుంది. బట్టలు ఆరని రోజున బరువు పనులు తగ్గించుకోవాలి.

గదిలో కూలర్ వాడేవారు ఎదురుగా ఒక కిటికీ తప్పక తెరిచి ఉంచాలి. లేకపోతే అది వదిలిన తేమ గదిలోనే నిలిచి, కాసేపటికి కూలర్ ఉన్నా చెమట ఆరదు.

మే నెలలోనే ఇంత ఎండ ఎందుకు?

వేసవిలో సూర్యుడు భూమికి దగ్గరగా వస్తాడని చాలామంది అనుకుంటారు. నిజానికి భూమి సూర్యునికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. బాగా దూరంగా ఉండేది జూలై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో. ఎండకు కారణం దూరం కాదు, వంపు. భూమి తన దారికి నిట్టనిలువుగా కాకుండా సుమారు 23.5 డిగ్రీలు ఒరిగి తిరుగుతుంది. అందువల్ల ఏడాదిలో కొంతకాలం సూర్యకిరణాలు మన మీద ఏటవాలుగా, కొంతకాలం నిట్టనిలువుగా పడతాయి. టార్చిలైటును గోడ మీద ఏటవాలుగా వేస్తే వెలుగు పరుచుకుని పలచబడుతుంది. సూటిగా వేస్తే ఒక్కచోట గట్టిగా పడుతుంది. ఎండ కూడా అంతే.

హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు నిలువుగా పాతిన కర్రకు నీడ కనబడదు. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్ళీ అలాగే వస్తాడు. అయినా ఆగస్టులో మే నెల వేడి ఉండదు. ఎందుకంటే అప్పటికి మబ్బులు కమ్ముకుని, నేల తడిసి ఉంటుంది.

నేల తడికీ ఎండకూ చాలా సంబంధం ఉంది. తడి నేల కూడా మన ఒంటిలాగే చెమట పట్టి చల్లబడుతుంది. చెట్ల ఆకులూ అంతే. మే నాటికి చెరువులు ఎండి, పొలాలు బీడుపడి, ఆరబెట్టడానికి తడి మిగలదు. సూర్యుని వేడి అంతా నేలనూ గాలినీ కాల్చడానికే సరిపోతుంది. వేపచెట్టు నీడకూ రేకుల షెడ్డు నీడకూ ఉన్న తేడా ఇదే. రేకు తాను కాలి మన మీదికి సెగ కొడుతుంది. చెట్టు ఆకుల నుండి నీటిని ఆవిరి చేస్తూ చల్లగా ఉంటుంది.

పొడి నేల నీటికంటే చాలా త్వరగా వేడెక్కుతుంది. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే వేడిలో సుమారు అయిదో వంతు చాలు, ఒక కిలో పొడి మట్టిని వేడి చేయడానికి. అందుకే పగలు నేల కాలుతుంటే సముద్రం చల్లగా ఉంటుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రపు గాలి వస్తుంది. తీరప్రాంతాల వారిని మధ్యాహ్నం వేళ కాపాడేది ఈ గాలే. పడమటి నుండి పొడి గాలులు గట్టిగా వీచిన రోజున సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు. అలాంటి రోజుల్లోనే బందరు, ఒంగోలు వంటి చోట్ల కూడా 45 డిగ్రీలు దాటిన సందర్భాలు ఉన్నాయి.

ఇక రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. అప్పటికి సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరానికి పోయినా, నేల అన్నాళ్ళూ కూడబెట్టిన వేడి తగ్గదు. రోజులో కూడా 12 గంటలకంటే 2, 3 గంటల మధ్య వేడి ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. "పన్నెండు దాటింది కదా, ఎండ తగ్గుతుంది" అని బయలుదేరకండి. మధ్యాహ్నం 12 నుండి 4 గంటల వరకు బరువు పని మానుకోవడమే మంచిది. వానలు మొదలయ్యే ముందు వేడితోపాటు తేమ కూడా పెరుగుతుంది. ఆ వారం పది రోజులు మరింత జాగ్రత్త అవసరం.

మరొక సంగతి. టీవీలో చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో కొలిచినది. ఎండలో నిలబడిన మనిషికి సూర్యుని సెగ, కాలిన రోడ్డు సెగ అదనం.

ఇంట్లో ఉన్నా వడదెబ్బ తగులుతుందా?

తగులుతుంది. పగలంతా మంచంలో ఉండే ముసలివారికి ఇంట్లోనే వడదెబ్బ తగలడం సాధారణం. సిమెంటు స్లాబు పగలు పీల్చుకున్న వేడిని రాత్రి పొద్దుపోయేదాకా కిందికి వదులుతూనే ఉంటుంది. దీనికి కొన్ని సులువైన ఉపాయాలు:

- స్లాబు మీద, రేకుల మీద వేసవికి ముందే తెల్ల సున్నం వేయండి. తెలుపు ఎండను తిప్పి పంపుతుంది, నలుపు పీల్చుకుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే.

- రేకుల కింద తాటాకులు గాని గోనెసంచులు గాని కట్టి, మధ్యలో గాలి ఆడే ఖాళీ ఉంచండి. పొయ్యికి మాత్రం ఇవి దూరంగా ఉండాలి.

- పగలు ఎండవైపు కిటికీలకు తెర వేయండి. చల్లబడ్డాక రాత్రి అన్ని కిటికీలూ తెరవండి.

- ఆగి ఉన్న కారులో పసిపిల్లలను ఒక్క నిమిషం కూడా వదలకండి. ఎండ వెలుగు అద్దాల గుండా లోపలికి వస్తుంది. లోపల పుట్టిన వేడి మాత్రం బయటికి పోలేక చిక్కుకుంటుంది. పది నిమిషాల్లోనే బయటికంటే సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. రోగిని చూసి వెంటనే వచ్చేస్తామని బిడ్డను కారులో పడుకోబెట్టి వార్డులోకి రావద్దు.

రోగి మంచం దగ్గర

వార్డులో మీరు చేయగల సేవ చాలా ఉంది. రోగి చుట్టూ పదిమంది నిలబడితే గాలి ఆగిపోతుంది, పదిమంది ఒళ్ళ వేడి, ఊపిరి తేమ అక్కడే నిలుస్తాయి. ఇద్దరికి మించి ఉండవద్దని మేము చెప్పడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రెక్సిన్ పరుపు మీద, ప్లాస్టిక్ షీటు మీద చెమట ఇంకదు, ఆరదు. దాని మీద మందపాటి నూలు దుప్పటి పరచండి. తడిస్తే మార్చండి. లేవలేని రోగిని సిస్టరు చెప్పినట్లు పక్కకు తిప్పుతూ ఉండండి. వీపుకు గాలి తగులుతుంది, పుండ్లు పడకుండా ఉంటాయి. నైలాను, పాలిస్టరు బట్టలకంటే వదులైన నూలు బట్టలు మేలు.

గదిలో వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు పొడిగా ఉన్న ఒంటి మీద ఫ్యాను వేగంగా తిప్పితే అది వేడిగాలిని కొట్టడమే. తడిగుడ్డతో చేతులు, మెడ, ఛాతీ తడిపి, అప్పుడు ఫ్యాను వేయండి. కట్లు, కుట్లు ఉన్నచోట తడి తగలనివ్వకండి.

వడదెబ్బను గుర్తించడం ఎలా?

ముందు వచ్చే సూచనలు: విపరీతమైన చెమట, తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్లుండడం, పిక్కలు పట్టేయడం, మూత్రం తక్కువగా, ముదురు పసుపుగా రావడం. ఈ దశలో నీడకు చేర్చి, నీళ్ళు, ఉప్పు అందిస్తే చాలామంది తేరుకుంటారు.

ప్రమాద సూచనలు: ఒళ్ళు 104 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర గాని, దాటి గాని కాలిపోవడం, సంబంధం లేని మాటలు, తూలిపోవడం, మత్తు, ఫిట్స్, స్పృహ తప్పడం. చర్మం పొడిగా ఉండవచ్చు. కష్టం చేస్తూ పడిపోయినవారికి చెమట ఇంకా పడుతూ ఉండవచ్చు. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అనుకోకండి. ఎండలో ఉన్న మనిషి మాట తేడా పడితే అది వడదెబ్బే అనుకుని వెంటనే చికిత్స మొదలుపెట్టాలి.

జ్వరానికీ వడదెబ్బకూ తేడా కూడా తెలియాలి. జ్వరంలో మెదడే "ఒంట్లో వేడి పెంచు" అని ఆజ్ఞ ఇస్తుంది. పారాసిటమాల్ ఆ ఆజ్ఞను తగ్గిస్తుంది. వడదెబ్బలో మెదడు వేడి పెంచమని చెప్పలేదు. వేడి బయటికి పోలేక చిక్కుకుంది. అందుకే మాత్ర పనిచేయదు, పైగా అప్పటికే దెబ్బతిన్న కాలేయానికి భారం అవుతుంది. వేడిని చేతులతోనే బయటికి పంపాలి.

వెంటనే చేయవలసినవి

1. 108కి ఫోన్ చేయించండి. బండి వచ్చేదాకా ఊరికే కూర్చోకండి. చల్లబరచడం ఆ క్షణమే మొదలుపెట్టండి. ఒళ్ళు ఎంతసేపు కాలితే మెదడు, మూత్రపిండాలు అంత దెబ్బతింటాయి.

2. నీడకు, గాలి ఆడే చోటికి చేర్చండి. చుట్టూ మూగినవారిని పక్కకు పంపండి.

3. పై బట్టలు వదులు చేయండి, తీయగలిగినవి తీయండి. ఆడవారైతే చీరలు అడ్డు పట్టుకోండి గాని సిగ్గుతో ఆలస్యం చేయవద్దు.

4. తల నుండి పాదాల వరకు నీళ్ళు పోస్తూ విసరండి. విసనకర్ర, అట్టముక్క, కండువా ఏదైనా సరే. పొలంలో అయితే మోటారు నీళ్ళు ఒంటి మీద పోయవచ్చు. ముక్కులోకి, నోట్లోకి నీరు పోకుండా తలను ఒకరు పట్టుకోవాలి.

5. మంచు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. పెద్ద రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉండేది అక్కడే.

6. మందపాటి తడి దుప్పటి చుట్టి వదిలేయకండి. కాసేపటికి అదే వేడెక్కి, గాలి తగలనివ్వదు.

7. స్పృహ ఉండి, మింగగలిగితేనే కొంచెం కొంచెంగా ఓ.ఆర్.ఎస్. నీళ్ళు ఇవ్వండి. స్పృహ లేకపోతే చుక్క కూడా పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు ఒరిగించి పడుకోబెట్టండి.

8. ఆసుపత్రికి వచ్చే దారిలో కూడా తడుపుతూ, విసురుతూనే ఉండండి. ఆటో పక్క తెరలు మూయకండి.

నీళ్ళు ఒక్కటే చాలవు

చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది. గంటకు లీటరు చెమట పోసే కూలీ వట్టి నీళ్ళే తాగుతూ ఉంటే నీరసం, పిక్కల నొప్పి తగ్గవు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అంబలి, కొబ్బరినీళ్ళు మన పెద్దలు ఎండాకాలంలో ఇచ్చినవే, చాలా మంచివి. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలపండి. చెంచాలు గీటుకు సమంగా ఉండాలి. ఎక్కువ ఉప్పు కీడు చేస్తుంది. కల్లు, సారా ఒంట్లో నీటిని తగ్గిస్తాయి.

గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, రక్తపోటు ఉన్నవారు ఎంత నీరు, ఎంత ఉప్పు తీసుకోవాలో డాక్టరు గారిని అడగాలి.

వీరిని ప్రత్యేకంగా కనిపెట్టండి

పసిబిడ్డలు: చిన్న గిన్నెలో నీళ్ళు త్వరగా కాగినట్లే, చిన్న ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్ళు పట్టవద్దు. తల్లిపాలే మరిన్నిసార్లు ఇవ్వాలి. తల్లి నీళ్ళు ఎక్కువ తాగాలి.

ముసలివారు: వయసుతో దాహం తెలియడం, చెమట పట్టడం రెండూ తగ్గుతాయి. "దాహం లేదమ్మా" అన్నా గంట గంటకూ అరగ్లాసు చేతికి ఇవ్వండి.

కొత్తగా ఎండ పనికి వెళ్ళేవారు: ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో సగం పనే చేయాలి. ఉపాధి హామీ పనికి, ఇటుక బట్టీకి కొత్తగా వెళ్ళేవారూ, జబ్బుపడి లేచి పనికి వెళ్ళేవారూ ఇది పాటించాలి.

మందులు వాడేవారు: ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, కొన్ని అలర్జీ మాత్రలు చెమటను గాని నీటిని గాని తగ్గిస్తాయి. సొంతంగా ఆపవద్దు. వేసవి మొదట్లోనే డాక్టరు గారికి చూపించుకోండి.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటారు. నిజమేనా?

జవాబు: వేడి బయటికి పోయే నాలుగు దారుల్లో దేనినీ జేబులోని ఉల్లిపాయ తెరవలేదు. మజ్జిగలో వేసుకుని తింటే ఆ మజ్జిగ మేలు చేస్తుంది. ఉల్లిపాయ ఉంది కదా అని మిట్టమధ్యాహ్నం గొడుగు లేకుండా వెళ్ళడమే ప్రమాదం.

ప్రశ్న: తడిగుడ్డ వేస్తే రోగికి జలుబు చేయదా?

జవాబు: జలుబు సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, తడిగుడ్డ వల్ల కాదు. వడదెబ్బలో తడపకపోతేనే ప్రాణాపాయం. మామూలు జ్వరంలో మాత్రం మంచునీళ్ళు వద్దు. వణుకు పుట్టి ఒంట్లో ఇంకా వేడి పుడుతుంది. గోరువెచ్చని నీటితో తుడిస్తే చాలు.

ప్రశ్న: ఎండలో నల్ల గొడుగు వేసుకోవచ్చా?

జవాబు: ఏ గొడుగైనా లేనిదానికంటే నయమే. తెల్లనిదైతే ఇంకా మేలు. తలకు తడి కండువా చుట్టుకుంటే, అది ఆరుతూ తలను చల్లబరుస్తుంది. ఆరగానే మళ్ళీ తడపాలి.

చివరిగా

ఎండను మనం ఆపలేం. భూమి వంపును మార్చలేం. కానీ ఒక మనిషిని నీడకు లాగి, తడిపి, విసరడం పదేళ్ళ పిల్లలకు కూడా సాధ్యమే. ఈ పుస్తకం ఇంటికి తీసుకువెళ్ళి "వెంటనే చేయవలసినవి" అనే పేజీ వంటగది గోడకు అంటించండి. మీ పొరుగున ఒంటరిగా ఉండే ముసలివారి తలుపు మధ్యాహ్నం ఒకసారి తట్టండి. వాకిట్లో ఒక చలివేంద్రం కుండ పెట్టండి. దాహంతో ఉన్నవారికి ఇచ్చిన చల్లని నీళ్ళు వృథా పోవు.

దేవుడు మిమ్మల్ని, మీ కుటుంబాలను ఈ వేసవిలో కాపాడును గాక.